భూమండలం వద్దన్న మొనగాడు

ఇది చదివి నామీద జాలిపడదామనుకునేవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది. జాలికి తగిన మనిషిని కాను నేను. దీవిసీమలో పక్కచేనువాడు జానెడు గట్టు తనవైపు కలుపుకున్నాడని కోర్టు మెట్లు అరిగేలా తిరిగినవాణ్ణి. అలాంటి నేను, ఒక సాయంత్రం బందరులో, నలుగురూ గుడ్లప్పగించి చూస్తుండగా, సముద్రాలతో సహా భూమండలం మొత్తాన్ని నా కూతురి చేతికిస్తుంటే వద్దనిపించాను. అదీ ఒక్కసారితో ఆగలేదు. ఎలా వద్దనిపించానో, ఆపైన నా గతి ఏమైందో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. నన్ను చూసి నవ్వనివాళ్ళు మా ఊళ్ళో ఎలాగూ లేరు, మీరు కొత్తగా మిగలడమెందుకు?

అప్పటికి నాకు ముప్పయ్యేళ్ళు దాటి ఉంటాయి. ఓ మోస్తరు మాగాణి, దానికి మించిన మీసం, ఆ రెంటినీ మించిన నోరు, ఇదీ నా ఆస్తి. ఊళ్ళో ఎవరింట శుభకార్యం జరిగినా మర్యాదలు సరిగ్గా జరిగాయో లేదో తీర్పు చెప్పడానికి ఎవరూ పిలవకపోయినా వెళ్ళి అరుగుమీద కూర్చునేవాణ్ణి. మర్యాద అనేది నాతో పుట్టిందనీ, నేను పోతే అదీ పోతుందనీ గట్టి నమ్మకం ఉండేది నాకు. ఆ రోజుల్లో నేను నాకెదురుపడితే ఇప్పుడు పక్కసందులోకి తప్పుకుంటాను.

మా వైపు మర్యాద సంగతి మీకు తెలియకపోదు. ఎవరైనా ఏదైనా ఇస్తే గభాలున చెయ్యి చాచకూడదు. "అబ్బే, ఎందుకండీ ఇప్పుడు" అనాలి. "పుచ్చుకోండి" అని వాళ్ళనాలి. "వద్దండీ, మీకు శ్రమ" అని మనమనాలి. "నామీద ఒట్టే" అని వాళ్ళనాలి. అప్పుడు, ఇక తప్పదన్నట్టు మొహం పెట్టి పుచ్చుకోవాలి. అడగ్గానే పుచ్చుకుంటే మనం కక్కుర్తి మనుషులం. వద్దనగానే ఊరుకుంటే వాళ్ళు పిసినారులు. ఈ విద్యలో నన్ను మించినవాడు ఏటికి ఇవతల లేడు. విందుల్లో విస్తరిమీద రెండు చేతులూ అడ్డంపెట్టి "వద్దు వద్దు" అని కేకలు వేస్తూనే, వేళ్ళ మధ్య సరిగ్గా బూరె పట్టేంత సందు వదిలేవాణ్ణి.

మా అమ్మాయి సుభద్రకి అప్పుడు తొమ్మిదేళ్ళు. బందరులో మా చెల్లెలి ఇంట్లో ఉండి, దొరసానులు నడిపే ఆడపిల్లల బళ్ళో చదువుకుంటోంది. ఆ చదువు మా అమ్మకి కళ్ళలో కారం కొట్టినట్టుండేది. పొద్దున్న మజ్జిగ చిలుకుతూ మొదలుపెట్టేది.

"ఒరేయ్, ఆడపిల్లని రేవు దాటించి చదివిస్తున్నావే, అక్కడదేం నేర్చుకుంటోందో ఎవరు చూశారురా?"

"బ్రహ్మాండంగా చదువుతోందే అమ్మా. చెల్లాయి చెప్పిందిగా."

"చెల్లాయి నీకు చెప్పింది, నువ్వు నాకు చెప్పావు. నోటి మాటలు నాకెందుకురా? కంటికి కనపడేదేదన్నా ఉంటే చూపించు."

ఇలా ఉండగా వేసవి సెలవుల ముందు బందరునుంచి కబురొచ్చింది. సుభద్ర క్లాసులో మొదటిదిగా నిలిచిందట. బళ్ళో సభ పెట్టి, ఎవరో పెద్ద దొరగారి భార్య చేత బహుమతి ఇప్పిస్తారట. తల్లిదండ్రులు రావాలట. నేను వీధి వీధంతా వినపడేలా చదివింపుల కేక వేసినట్టు ఆ కబురు చెప్పాను. అమ్మ కవ్వం ఆపింది.

"అయితే ఆ బహుమతేదో తెచ్చి నా ఒళ్ళో పెట్టు. నా కళ్ళతో చూశానా, పిల్లని ఎంతవరకు చదువుకుంటానంటే అంతవరకు చదివిద్దాం, నేను అడ్డం చెప్పను. ఒట్టి చేతులూపుకుంటూ వచ్చావో, సెలవులయ్యాక అది రేవు దాటదు. ఇంటిపట్టునే ఉంటుంది. తెలిసిందా?"

"నీ ఒళ్ళో పెట్టకపోతే నా పేరు మార్చుకుంటానే!" అన్నాను మీసం దువ్వుతూ.

మా ఆవిడ తలుపు వెనకనుంచి అంతా విన్నది. పిల్ల చదువంటే ఆవిడకి ప్రాణం. బయల్దేరేముందు ఉత్తరీయం అందిస్తూ మెల్లిగా అంది, "మీరక్కడికెళ్ళి ఏమీ మాట్లాడకుండా కూర్చుని, ఏమీ చెయ్యకుండా వచ్చేస్తే చాలండి. అంతకంటే నేనేం కోరను."

"ఏమిటీ, సభలో నేను మాట్లాడకుండా కూర్చోవాలా?"

"అదేనండి నా భయం," అంది.

చూశారా, ఇంట్లో తెలివైన మనిషి ఉన్నా నేను బాగుపడలేదు. కిర్రు చెప్పులు కొత్తవి తొడిగాను. పెద్దంచు ఉత్తరీయం, తలపాగా, చేతిలో గొడుగు. బండిలో రేవుకి వచ్చి, పడవ దాటి, అవతల బస్సెక్కి బందరు చేరాను. బస్సులో కూడా ఎవరో సోడా ఇస్తానంటే మర్యాదకి వద్దన్నాను. అతను మళ్ళీ అడగలేదు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినా, అతనికి మర్యాద తెలియదని సరిపెట్టుకున్నాను గాని, నాకు బుద్ధి రాలేదు.

మా చెల్లెలింట్లో సుభద్ర నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, బహుమతేమిటో తెలుసా? భూగోళం! గుండ్రంగా, ఇంత! బల్లమీద పెట్టుకుని తిప్పచ్చు. సముద్రాలన్నీ నీలం రంగు. రోజూ బీరువా అద్దంలోంచి చూస్తున్నాను. అది నాదేనట నాన్నా!"

దాని మొహం చూసి నా గుండె పొంగిపోయింది. పొంగినవాడు పొంగినట్టు ఊరుకోవచ్చు కదా!

"ఎలా తీసుకోవాలో కూడా నేర్పారు. చూడు. పేరు పిలవగానే నడిచి వెళ్ళాలి. కుడిచెయ్యి చాచాలి. తీసుకుని, థాంక్యూ అని, కొంచెం వంగి, వచ్చెయ్యాలి."

"ఆగాగు. చెయ్యి చాచాలా? నువ్వా?"

"ఆఁ."

"వాళ్ళు బతిమాలకముందే?"

"బతిమాలరు నాన్నా. ఇస్తారంతే."

"ఛీ ఛీ! అడుక్కునేవాళ్ళలాగా ఇస్తానన్నదే తడవుగా లాక్కుంటావటే? మనింటా వంటా ఉందా ఇది? రేపు ఆ దొరసానిగారు, ఈ పిల్ల ఎవరి తాలూకో గాని మొహంవాచి ఉన్నట్టుందే అనుకోదూ?"

"టీచరు అందరికీ అలాగే చెప్పారు నాన్నా."

"టీచరుకేం తెలుసే మనింటి మర్యాద! ఇలా రా."

చెల్లెలి వంటింట్లోంచి ఒక ఇత్తడి చెంబు తెచ్చాను. చెంబు బహుమతి అన్నమాట. నేను దొరసానిని. ఇంత మీసంతో నడుంమీద చెయ్యివేసుకుని దొరసానిలా నిలబడ్డాను, మీరు ఊహించుకోండి, ఊహించుకోలేకపోతే ఇంకా మంచిది.

"పుచ్చుకో అమ్మాయీ, అంటుంది ఆవిడ. నువ్వేమనాలి?"

"థాంక్యూ."

"కాదే! వద్దండి, అనాలి. తలవంచుకుని, సిగ్గుపడుతూ."

"వద్దండి."

"అదీ! మళ్ళీ ఇస్తుంది. మళ్ళీ వద్దండి అను. అప్పుడావిడ బుగ్గ పుణికి, తీసుకో తల్లీ, నీకు కాక ఇంకెవరికిస్తాం, అని బలవంతంగా చేతిలో పెడుతుంది. అప్పుడు పుచ్చుకో. సభంతా మెచ్చుకుంటుంది చూడు, ఎంత పెంపకం అని."

సుభద్ర చెంబు వంకా నా వంకా చూసింది.

"మరి నిజంగానే ఇవ్వకపోతేనో?"

"ఇవ్వకపోవడమేమిటే పిచ్చి మొహమా! సీమనుంచి వచ్చి ఇంత రాజ్యం ఏలుతున్నవాళ్ళకి ఆపాటి మర్యాద తెలియదా? నేనుంటానుగా అక్కడ!"

నేనుండటమే కదా వచ్చిన చిక్కు! ఆ పిల్ల మాత్రం నామాట నమ్మింది. మర్నాడు సభకి వెళ్ళేదాకా చెంబు పట్టుకుని నాదగ్గర పాఠం వల్లెవేస్తూనే ఉంది.

ఇక సభ. పెద్ద హాలు, రంగు కాగితాల తోరణాలు, వరసగా కుర్చీలు. నేను కుర్చీలో కాళ్ళు మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. బంట్రోతు వచ్చి, "అయ్యా, కాళ్ళు కిందికి" అన్నాడు. దించాను. పిల్లలు పాట పాడారు. అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు. మా ఊళ్ళో చప్పట్లు భజనలో కొడతాం, లేకపోతే చేలో పిట్టల్ని తోలడానికి కొడతాం. ఇది భజనే అనుకుని నేను తాళం వేస్తూ అందుకున్నాను. అందరూ ఆపేశాక కూడా నా ఒక్కడి తాళం సాగుతోంది. ముందు వరసలో కోటు వేసుకున్న బందరు ప్లీడరొకాయన మెడ తిప్పి, నన్ను ఎడ్లబండి ఏదో హాల్లోకి వచ్చినట్టు చూశాడు.

నా పక్కకుర్చీలో గుడివాడనుంచి వచ్చిన రైసు మిల్లు రాఘవయ్యగారు కూర్చున్నారు. ఆయన కూతురిది కూడా సుభద్ర క్లాసే. తెల్లగా, గుండ్రంగా, అప్పుడే వండి వార్చిన మనిషిలా ఉన్నాడు.

"బావగారిది ఏ ఊరో?" అన్నాడు.

"దీవి అండి. మా అమ్మాయి క్లాసులో ఫస్టు."

"అలాగాండి! మా అమ్మాయిది సెకండు. పాపం ఏడ్చింది, ఆ భూగోళం కావాలని. ఫస్టుకి తప్ప సెకండుకేమీ ఇవ్వరటగా."

"అయ్యో పాపం," అన్నాను, లోపల పండగ చేసుకుంటూ.

బహుమతులు మొదలయ్యాయి. వేదికమీద దొరగారి భార్య పెద్ద టోపీ పెట్టుకుని నిలబడింది. పక్కన సుగుణమ్మ టీచరు, సుభద్ర క్లాసు టీచరు, ఆవిడ ఇంగ్లీషుని తెలుగు చేసి, తెలుగుని ఇంగ్లీషు చేస్తోంది. పేరు పిలవడం, పిల్ల వెళ్ళడం, చెయ్యి చాచడం, లాక్కుని రావడం. ఒక్కదానికీ మొహమాటమన్నది లేదు.

"చూశారా," అన్నాను రాఘవయ్యగారితో, "ఎంత కక్కుర్తో! పెంపకాలు ఎలా తగలడ్డాయో! మా అమ్మాయిని చూడండి, ఇప్పుడు చూడండి."

"సుభద్ర!" అని పిలిచారు.

బల్లమీది భూగోళం దొరసాని చేతుల్లోకి లేచింది. నీలం రంగు మెరిసింది. సుభద్ర నడిచి వెళ్ళి, తలవంచుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. దొరసాని ఏదో అంటూ భూగోళం అందించింది.

"వద్దండి," అంది సుభద్ర.

దొరసాని టీచరు వంక చూసింది. సుగుణమ్మ టీచరు పళ్ళ మధ్యనుంచి, "తీసుకోవే!" అంది. సుభద్ర కళ్ళెత్తి, అంతమందిలో నన్ను వెతుక్కుంది. నేను కుర్చీలోంచి సగం లేచి, తీసుకోవద్దన్నట్టు తలూపాను. ఊపానండీ! ఇప్పుడు తలుచుకుంటే ఆ తలని పట్టుకుని గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

దొరసాని నవ్వి మళ్ళీ అందించింది.

"బతిమాలుతోంది, బతిమాలుతోంది!" అన్నాను రాఘవయ్యగారి మోకాలు గట్టిగా నొక్కి. "చూశారా, మర్యాద తెలిసినవాళ్ళండి!"

"వద్దండి," అంది సుభద్ర మళ్ళీ. నేర్పింది నేర్పినట్టు, సిగ్గుతో సహా.

దొరసాని దాని బుగ్గ పుణికింది. ఇదుగో, ఇప్పుడే, ఇప్పుడే చేతిలో పెడుతుంది, అని నేను కుర్చీ అంచుకి జరిగాను. ఆవిడ భూగోళాన్ని తీసి మళ్ళీ బల్లమీద పెట్టేసింది. సుభద్ర కాసేపు అక్కడే నిలబడింది. అడుగు ముందుకూ పడక, వెనక్కూ పడక, నా వంక చూసింది.

ఆ చూపుకి నా మర్యాదంతా ఎగిరిపోయింది. అమ్మ ఒడి, రేవు, పిల్ల చదువు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. లేచాను. కిర్రు చెప్పులు కిర్రుకిర్రుమని అరుస్తుంటే కుర్చీల మధ్యనుంచి వేదిక మీదికి నడిచాను. ఆ చెప్పులు అంత చప్పుడు చేస్తాయని కొన్ననాడు గర్వపడ్డానని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.

"అమ్మా, అమ్మా, ఆగండి! అది మర్యాదకి అన్నదండి, నిజంగా వద్దని కాదు!"

సుగుణమ్మ టీచరు నావైపు తిరిగింది. "మీరెవరండి?"

"దాని తండ్రినండి."

"నెలరోజులనించి చెయ్యి చాచి తీసుకోమని నేర్పుతున్నానండి! దీనికి ఈ వద్దండి ఎక్కణ్ణించొచ్చింది?"

"నేనే చెప్పానండి. వద్దనమని నేనే నేర్పానండి. తప్పు దానిది కాదు. ఆ మాట ఆవిడకి కొంచెం చెప్పండి."

దొరసాని ఏమిటేమిటని అడుగుతోంది. సుగుణమ్మ టీచరు ఇంగ్లీషులో నామాట మొదలుపెట్టింది. ఆవిడ అన్నది ఇంతేనని తర్వాత తెలిసింది: ఈయన పిల్ల తండ్రి, బహుమతి ఇస్తే వద్దనమని కూతురికి ఈయనే నేర్పాడు. మిగతా సగం చెప్పబోతుండగానే దొరసాని రెండు చేతులూ గుండెకి హత్తుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి. సభవైపు తిరిగి ఉపన్యాసం అందుకుంది. టీచరుకి మధ్యలో అడ్డుతగలడానికీ లేకపోయె, తెలుగు చేయకా తప్పకపోయె.

"ఈ తండ్రిని చూడండి అంటున్నారు దొరసానిగారు. తన బిడ్డకి గెలుపు నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారుట. గెలిచింది వదులుకోవడం నేర్పినవాణ్ణి ఈయన్నే చూశారట. వెనకబడ్డ పిల్లకి దక్కాలని చేసిన ఈ త్యాగం..."

"త్యాగం కాదండి!" అన్నాను.

చప్పట్లు. హాలు దద్దరిల్లింది. ఇందాక నన్ను ఎడ్లబండిలా చూసిన ప్లీడరు లేచి నిలబడి మరీ కొడుతున్నాడు. నా గొంతు నాకే వినపడలేదు. ఆ చప్పట్లలోనే రాఘవయ్యగారి అమ్మాయిని పిలిచారు. ఆ పిల్ల వచ్చింది, చెయ్యి చాచింది, భూమండలాన్ని సముద్రాలతో సహా పట్టుకుపోయింది. థాంక్యూ కూడా అంది, మహాతల్లి.

సరే, పోయింది పోయింది. ఇంతటితో అయిపోతే నేను ఒట్టి తెలివితక్కువవాడిగా మిగిలేవాణ్ణి. ఆ తర్వాత జరిగినదానికి పేరు పెట్టాలంటే తిట్టుపదం వాడాలి, అచ్చులో బాగుండదు.

దొరసాని నావైపు తిరిగి చాలా మృదువుగా ఏదో అడిగింది. సుగుణమ్మ టీచరు మొహం విప్పారింది. "ఏవండీ, మీ అదృష్టం! మద్రాసునుంచి అలాంటి భూగోళమే ఇంకొకటి తెప్పించి మీ అమ్మాయికి పంపనా అని అడుగుతున్నారు."

నేనేమనాలి? ఔనండి, అనాలి. పంపండి తల్లీ, అనాలి. కాళ్ళమీద పడాలి. నేనేమన్నానో తెలుసా?

"అబ్బే, ఎందుకండీ ఆవిడకి శ్రమ!"

అది నేనన్నమాట కాదు. నోరు దానంతటది అనేసింది. పుట్టిన దగ్గర్నుంచి అలవాటైన నోరు, అడ్డుపెట్టేలోపలే జారింది.

సుగుణమ్మ టీచరు కళ్ళు పెద్దవి చేసింది. "నిజంగా వద్దంటారా?"

చూడండి, దేవుడు రెండో అవకాశం కూడా ఇచ్చాడు. టీచరు తెలుగు మనిషి. ఆవిడకి తెలియదా, మూడోసారి అడుగుతుందిలే అని నా లోపలి మర్యాదస్తుడు ధీమాగా చెప్పాడు. తల వంచుకుని, సిగ్గుపడుతూ, "వద్దులెండి" అన్నాను.

ఆవిడ నావంక ఒక చూపు చూసింది. నెలరోజులు నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరు చేసినవాడిమీద ఎంత కసి ఉండాలో అంతా ఆ చూపులో ఉంది. దొరసానివైపు తిరిగి, "నో" అంది. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఆ మాట ఒకటి. దొరసాని నా చెయ్యి పట్టుకుని ఊపి, పోయి కుర్చీలో కూర్చుంది.

బయట వాకిట్లో రాఘవయ్యగారు కూతురితో, భూగోళంతో నిలబడి ఉన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. దొరసాని పరాయిది, టీచరు కోపంలో ఉంది, కాని ఈయన మనవాడు. గుడివాడ మనిషి. వద్దంటే ఏమిటో అక్షరాలా తెలిసినవాడు. ఆయన కూడా తగినట్టే మొదలుపెట్టాడు.

"బావగారూ, ఇది న్యాయంగా మీ అమ్మాయిది. తీసుకెళ్ళండి."

ఆయన అడిగిన తీరు ఎంత పద్ధతిగా ఉందంటే, నేను కూడా పద్ధతిగా, "భలేవారే, చిన్నపిల్ల చేతిలోది తీసుకుంటామా?" అన్నాను.

"అబ్బే, అలాక్కాదు. తీసుకోండి."

"వద్దండి బావగారూ."

ఇక ఒట్టు పెడతాడు. ఒట్టు పెట్టగానే పుచ్చుకోవడమే. నా కుడిచెయ్యి అప్పటికే సగం చాపాను కూడా. రాఘవయ్యగారు నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు, చిరునవ్వు నవ్వాడు.

"మీరంతగా వద్దంటుంటే బలవంతం చెయ్యడం మర్యాద కాదులెండి. సెలవు," అని బండెక్కాడు. వాడికి అన్నీ తెలుసు. తెలిసే చేశాడు. బియ్యంలో నూకలు కలిపి అమ్మేవాళ్ళకి మర్యాదలో నూక కలపడం ఎంతసేపు!

సుభద్ర నా పక్కనే నిలబడి ఇదంతా చూసింది. ఏడవలేదు. రేవు దగ్గర పడవెక్కేదాకా మాట్లాడలేదు. పడవ ఏటి మధ్యకి వచ్చాక, నీళ్ళ వంక చూస్తూ చిన్నగా అంది.

"నాన్నా, నాకది కావాలని ఉంది."

నాకు ఏడుపొచ్చింది. మీసమున్నవాడు పడవలో ఏడిస్తే బాగుండదని తలపాగా సర్దుకున్నాను. "నాదే తప్పే తల్లీ," అన్నాను. ఆ రోజంతటిలో నా నోట వచ్చిన తెలివైన మాట అదొక్కటే. దానివల్ల భూగోళం తిరిగిరాలేదు.

ఇంటి దగ్గర అమ్మ వసారాలో పీట వేసుకుని కూర్చుని ఉంది. నేను కేకేసి చెప్పానుగా, వీధిలో ఆడవాళ్ళందరూ చేరారు, బహుమతి చూడ్డానికి. మా ఆవిడ నా చేతులు చూసింది. గొడుగు తప్ప ఏమీ లేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏదిరా?" అంది అమ్మ.

"అంటే, ఏం జరిగిందంటేనే అమ్మా, మన మర్యాద చూసి సభంతా లేచి చప్పట్లు..."

"చప్పట్లు ఒళ్ళో పెట్టు చూద్దాం."

వీధి ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అమ్మ సుభద్రని దగ్గరికి పిలిచింది. "నువ్వు చెప్పవే. ఏం జరిగింది?"

సుభద్ర చెప్పింది. చెంబు దగ్గరనుంచి బండెక్కిన రాఘవయ్యగారి దాకా, ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పింది. పిల్ల ఎంత బాగా చదువుతుందో దాని జ్ఞాపకం చూస్తేనే తెలిసిపోయింది. నేనెలా నడుంమీద చెయ్యి పెట్టుకుని దొరసానినయ్యానో కూడా చేసి చూపించింది. అమ్మ నవ్వలేదు. నన్ను కిందనుంచి పైకి ఒకసారి చూసింది.

"ఇన్నేళ్ళు అన్నం పెట్టాన్రా నీకు," అంది. "ఇంకా వడ్డించమంటావా అని అడిగినప్పుడల్లా వద్దంటే, నిజమని ఊరుకుని ఉంటే ఈ పీడ ఎప్పుడో విరగడైపోయేది!"

తర్వాత పిల్లవైపు తిరిగింది. మా ఆవిడ గుమ్మం గట్టిగా పట్టుకుంది.

"చూడమ్మా, బహుమతి కంటితో చూస్తేనే బడి అన్నాను. అది రాలేదు. ఇప్పుడు నిన్నే అడుగుతున్నాను. ఇంకా చదువుకుంటావా?"

పెద్దవాళ్ళు అలా అడిగితే బాగా పెరిగిన పిల్ల ఏమనాలి? నీ ఇష్టం నాయనమ్మా, అనాలి. నమ్మండి, అంత జరిగాక కూడా నేను దాని చెవిలో, "నీ ఇష్టం నాయనమ్మా, అను" అనబోయాను. నా నోరు తెరుచుకోవడం చూసి మా ఆవిడ, పెళ్ళైనప్పటినుంచి నామీద గొంతెత్తని మనిషి, "మీరూరుకోండి!" అని అరిచింది.

సుభద్ర తల వంచుకోలేదు. సిగ్గుపడలేదు. రెండు చేతులూ ముందుకు చాచింది.

"కావాలి నాయనమ్మా. నాకు చదువు కావాలి."

అమ్మ కాసేపు ఆ చేతుల వంక చూసింది. తర్వాత వాటిని పట్టుకుని పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "ఈ ఇంట్లో ఇన్నాళ్ళకి ఒక్కళ్ళు అడగడం నేర్చుకున్నారు," అంది. "వెళ్ళి చదువుకో. రేవు దాటకూడనివాడు నీ బాబు."

మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. నేను గొడుగు పట్టుకుని వసారాలో నిలబడ్డాను. నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు.

ఆ దెబ్బతో మర్నాడే మారిన మనిషినై కరణంగారింటికి వెళ్ళాను. "కాఫీ పుచ్చుకుంటారా?" అంది వాళ్ళావిడ గుమ్మంలోంచి. "పుచ్చుకుంటానండి!" అన్నాను ఠకీమని. ఆవిడ మొహం పాలిపోయింది. కరణంగారు చదువుతున్న పేపరు దించారు. లోపల గుసగుసలు మొదలయ్యాయి. దొడ్డిదారిన ఒకరు పాలకి, ఒకరు పంచదారకి పరుగెత్తారు. పాపం, వాళ్ళింట్లో ఆ పూట కాఫీపొడి కూడా లేదు! నేను వద్దంటానన్న ధైర్యంతో అడిగిన మనిషి, ఆ తర్వాత ఎప్పుడూ నన్ను అడగలేదు. ఊళ్ళో ఇంకెవరూ అడగలేదు.

అయినా వెనుదీయలేదు. నా మీసం సాక్షిగా, పంచభూతాల సాక్షిగా, దొరసాని టోపీ సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఎవరేమిచ్చినా, ఎంతిచ్చినా, ఎందుకిచ్చినా, "వద్దు" అనే మాట నా నోట రాదు. నామీద నమ్మకం లేకపోతే వచ్చి పరీక్షించుకోవచ్చు. వచ్చేటప్పుడు ఒట్టి చేతులతో మాత్రం రాకండి.